మిసిసిపీ గట్టున నాన్నగారి వంతెనలు

మాఘమాసంలో నాన్నగారి ఆబ్దికం డల్లాస్‌లోని మా తమ్ముడి ఇంట్లో జరిగింది. భోక్తలు తాంబూలం పుచ్చుకొని వెళ్ళాక, వంటింట్లో నువ్వుల వాసన, నేతి వాసన ఇంకా తేరకముందే, వేరువేరు ఊళ్ళలో ఉద్యోగాలు చేసుకుంటున్న నా పిల్లలిద్దరూ ఫోను చేశారు. తాతగారితో వాళ్ళు ఈ దేశంలో చాలా చోట్లకు తిరిగారు. అయినా ఆ రోజు వాళ్ళ నోట వచ్చిన ఊరు సెయింట్ లూయిస్ ఒక్కటే. "తాతగారు సింకులో గ్లాసు బోర్లించి చూపించారు, గుర్తుందా అమ్మా?" అని అమ్మాయి అడిగింది. వంతెన మీద ఏనుగును నడిపించిన కథను అబ్బాయి మొదటి నుంచి చివరిదాకా అప్పజెప్పాడు. ఫోను పెట్టేశాక ఆ మజిలీని గురించి నాకు గుర్తున్నంత వరకు రాసి ఉంచాలనిపించింది.

అప్పట్లో మేము చికాగో శివారులో ఉండేవాళ్ళం. నాన్నగారు రైల్వేలో వంతెనల విభాగంలో బ్రిడ్జి ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగ జీవితంలో పెద్ద భాగం రాజమండ్రిలో, గోదావరి మీదనే గడిచింది. ఒక వేసవిలో అమ్మానాన్నలు మా దగ్గరకు వచ్చినప్పుడు, తమ్ముడిని చూడటానికి అందరం కలిసి డల్లాస్ వెళ్ళాలనుకున్నాము. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. గంటల తరబడి కారులో కాళ్ళు ముడుచుకొని కూర్చోలేదు. దారిలో హోటళ్ళ తిండి తినదు. అందుకని మావారు ఒక ఆర్వీని అద్దెకు తీసుకున్నారు. పొయ్యి, ఫ్రిజ్, మంచాలు, స్నానాల గది, నీళ్ళ ట్యాంకు అన్నీ ఉన్న ఇల్లు చక్రాల మీద మా వాకిట్లోకి వచ్చి నిలిచిన రోజున అమ్మ దానికి పసుపు, కుంకుమ పెట్టి, ముందు చక్రం కింద నిమ్మకాయ ఉంచి తొక్కించింది.

డ్రైవరు సీటు పైనున్న అటకమీది పరుపు పిల్లలది. వెనకనున్న మంచం అమ్మానాన్నలది. పగలు మేము భోజనం చేసే బల్లనే రాత్రి కిందికి దించి, దానిమీద దిండ్లు సర్ది నేనూ మావారూ పడుకొనేవాళ్ళం. ఆ బండిలో వంటపొయ్యికీ బాత్రూముకూ మధ్య దూరం రెండడుగులు కూడా ఉండదు. మడికట్టుకొని వంట చేసే అమ్మకు అది పెద్ద ఇబ్బంది. వంట పూర్తయి గిన్నెల మీద మూతలు పడేదాకా ఎవరూ ఆ తలుపు తీయకూడదని నియమం పెట్టింది. పిల్లలు దానిని చివరిదాకా పాటించారు. బండి నడుస్తున్నంతసేపూ అలమరల్లో స్టీలు గిన్నెలు గలగలమనేవి. అమ్మ వాటి మధ్య తువ్వాళ్ళు కుక్కినా ఆ చప్పుడు పూర్తిగా ఆగలేదు. మొదటి రోజు పులిహోరలో వేసిన ఇంగువ తిరగమోత వాసన పరదాలకూ పరుపులకూ పట్టి, ప్రయాణమంతా మాతోనే వచ్చింది. ఈ రోజుకూ ఎవరింట్లోనైనా గ్యాసు వాసనా ఇంగువ వాసనా కలిసి వస్తే నాకు ఆ బండి లోపలి గోధుమరంగు చెక్క అలమరలే కళ్ళముందు కనిపిస్తాయి.

ప్రతి ఉదయం నాన్నగారు కాఫీ గ్లాసు పట్టుకొని బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసేవారు. ఒక్కొక్క టైరునూ చేతి వేళ్ళ కణుపులతో కొట్టి, చెవి పెట్టి వినేవారు. మా చిన్నతనంలో రాజమండ్రి స్టేషన్లో మెయిలు ఆగినప్పుడు, పొడవాటి కర్ర ఉన్న సుత్తితో ఒక మనిషి చక్రాలను ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ పోయేవాడు. బాగున్న చక్రం ఖంగుమని మోగేది, పగులున్నది బొంగురుగా పలికేది. నాన్నగారి పనిలోనూ సుత్తి ఉండేది. గర్డరు అనే ఇనుప దూలం మీద పలకలను బిగించే రివెట్ తలకు ఒక పక్క వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొడితే, వదులైన రివెట్ వేలికి తెలిసిపోతుంది. అలా ఆయన వేళ్ళు తడిమిన రివెట్లు ఎన్ని వేలో ఎవరూ లెక్క పెట్టలేదు. రాత్రి ఇంటికి వచ్చాక ఆయన చేతులకు రెడ్ ఆక్సైడ్ రంగు వాసన ఉండేది. కిరసనాయిలుతో తుడుచుకొని, సబ్బుతో కడుక్కొని, ఆ తరువాతే మమ్మల్ని దగ్గరకు తీసుకొనేవారు.

ఆర్వీలో వాడిన నీళ్ళు ఒక ట్యాంకులోకి, మరుగుదొడ్డి నీళ్ళు వేరే ట్యాంకులోకి చేరతాయి. క్యాంపుగ్రౌండులో వాటిని గొట్టం ద్వారా ఖాళీ చేయాలి. మావారు చేతి తొడుగులు వేసుకొని ఆ పని చేస్తుంటే నాన్నగారు పక్కనే నిలబడి ఆసక్తిగా గమనించేవారు. ఆ రోజుల్లో మన రైలుపెట్టెల నుంచి అంతా నేరుగా పట్టాల మీదికే పడేది. వంతెన మీదైతే గర్డర్ల మీద పడేది. ఇనుమును త్వరగా తినేసేది అదేనని, దాని కింద నిలబడి తుప్పు గోకి రంగు వేయించడం తన ఉద్యోగమని ఆయన చెప్పినప్పుడు, అన్నేళ్ళు కూతురిగా ఉండి కూడా ఆ సంగతి నేను మొదటిసారి విన్నాను.

* * *

చికాగో నుంచి 55వ నంబరు హైవే మీద దక్షిణంగా వెళితే దాదాపు 300 మైళ్ళకు సెయింట్ లూయిస్ వస్తుంది. దారి పొడుగునా మొక్కజొన్న చేలే. అమ్మ కొంతసేపు చూసి, "ఇంత పంట ఎవరు తింటారే?" అని అడిగి, నిద్రపోయింది. సాయంత్రానికి, ఇంకా ఊరు కనిపించకముందే, చదునైన నేల చివర ఆకాశం మీద ఒక సన్నని వెండి గీత వంగి నిలబడింది. పిల్లలు అటక మీది కిటికీలోంచి కేకలు పెట్టారు. అదే గేట్‌వే ఆర్చ్ అనే ఉక్కు కమాను.

అంత ఎత్తు బండితో ఊరి నడిమి వీధుల్లోకి వెళ్ళడం కష్టమని, నదికి ఇవతల, ఇల్లినాయ్ వైపున్న ఆర్వీ పార్కులోనే దిగాము. కరెంటు తీగ, నీళ్ళ గొట్టం తగిలించి, చక్రాల కింద దిమ్మలు పెట్టి బండిని సమంగా నిలబెట్టేసరికి చీకటి పడింది. ఆ ప్రాంతమంతా గూడ్సు బళ్ళ మయం. రాత్రంతా ఏదో ఒక రైలు కూత వినిపిస్తూనే ఉంది. మాకందరికీ నిద్ర చెడింది కాని నాన్నగారు మాత్రం కిటికీ పరదా కాస్త తొలగించి, పెట్టెలు లెక్కపెడుతూ మెలకువగా కూర్చున్నారు. "ఇంజన్లు మూడు కట్టారు. మధ్యలో ఇంకొకటి ఉంది" అని చీకట్లో ఎవరికీ కాకుండా చెప్పుకోవడం నేను విన్నాను.

* * *

మర్నాడు నది దాటడానికి మెట్రోలింక్ రైలెక్కాము. ఆ రైలు ఈడ్స్ వంతెన కింది అంతస్తులో వెళుతుంది. పై అంతస్తులో కార్లు, మనుషులు వెళతారు. పై అంతస్తున రోడ్డు, కింద రైలు ఉన్న వంతెన మాకు కొత్త కాదు. 1974 నుంచి రాజమండ్రికీ కొవ్వూరుకూ మధ్య మనకూ అలాంటిది ఉంది. అయితే ఇది తెరిచింది 1874లో. సరిగ్గా నూరేళ్ళ ముందు. అవతలి గట్టున రైలు దిగగానే నాన్నగారు, "అమ్మాయ్, మీరు ముందు నడవండి, నేను దీనిమీద ఒకసారి నడిచి వస్తాను" అన్నారు. ఆయన్ని ఒక్కరినే ఎలా పంపిస్తాము? అమ్మతో సహా అందరం వెనుదిరిగి పై అంతస్తు కాలిబాట ఎక్కాము.

వంతెన కట్టిన జేమ్స్ ఈడ్స్ అంతకుముందు ఒక్క వంతెనైనా కట్టినవాడు కాదు. మిసిసిపీలో మునిగిపోయిన ఆవిరిపడవల నుంచి సరుకు పైకి తీసే వ్యాపారం చేసినవాడు. గాలి నింపిన గంటలో కూర్చుని నది అడుగుకు దిగి, అక్కడ నడిచాడు. వరద వచ్చినప్పుడు నీటితో పాటు అడుగున ఉన్న ఇసుక కూడా కదిలిపోతుందని అతడికి కాళ్ళతో తెలిసింది. అందుకే స్తంభాలను ఇసుక మీద నిలపడానికి ఒప్పుకోక, కింద ఉన్న రాతిదాకా దింపాడు. ఇది చదివి చెబితే నాన్నగారు పిట్టగోడను పట్టుకొని కిందికి చూస్తూ, "నది అంటే పైకి కనిపించేది మాత్రమే కాదమ్మా. వరదలో గోదావరి అడుగు ఎంత లోతు కోసుకుపోతుందో వంతెన స్తంభానికి పునాది బావి దింపినవాడికే తెలుస్తుంది. ఇతను తెలిసినవాడు" అన్నారు. ఆ "తెలిసినవాడు" అన్న మాట ఆయన చాలా తక్కువమందికి వాడేవారు.

మూడు కమానులు. అటూ ఇటూ 502 అడుగులు, మధ్యది 520 అడుగులు. అప్పటికి అంత పెద్ద వంతెనలో ఉక్కును ప్రధానంగా వాడినవాళ్ళు లేరు. పడవలు తిరిగే నదిలో కింద నుంచి సారువలు కట్టడానికి వీల్లేక, స్తంభాల నుంచి రెండు పక్కలకూ చేతులు చాచుకుంటూ వచ్చి నది మధ్యలో కలిపారు. ఆ కమానుల దూలాలు నిజానికి బోలు గొట్టాలు. నాన్నగారు ఒక దానిని ఎలాగైనా చేతితో తాకాలని చాలా ప్రయత్నించారు. కాలిబాట నుంచి అందలేదు. మా అబ్బాయికి నచ్చింది మాత్రం ఏనుగు కథ. గట్టితనం లేని దానిమీద ఏనుగు అడుగు పెట్టదని జనం నమ్మకం కనుక, తెరవడానికి ముందు జూన్ నెలలో ఒక ఏనుగును దానిమీద నడిపించారు. తరువాత 14 రైలింజన్లను ఒకేసారి ఎక్కించి పరీక్షించారు. నాన్నగారికి ఇంజన్ల పరీక్ష తెలుసు, మన దగ్గరా కొత్త వంతెన మీద బరువైన ఇంజన్లను నిలిపి గర్డరు ఎంత వంగిందో కొలుస్తారు. ఏనుగు సంగతి మాత్రం ఆయనకూ కొత్తే. మనవడిని ముందు నడిపించి, "నువ్వు ఏనుగువి, నేను మావటిని, పద" అని వంతెన సగం దాకా వాడి వెనకే నడిచారు.

పునాదుల పనిలో పదిమందికి పైగా కూలీలు చనిపోయారు. ఆ సంగతి తెలిశాక నాన్నగారు ఏనుగాట ఆపేశారు. "వాళ్ళ పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయేమో చూడండి" అన్నారు. మేము నడిచిన మేర మాకు కనబడలేదు.

* * *

ఆ సాయంత్రం బండిలో అమ్మ ఉప్మా చేస్తుంటే పిల్లలు ఆయన్ను వదలలేదు. నీళ్ళకింద మనుషులు ఎలా తవ్వారు, మునిగిపోలేదా అని అడిగారు. నాన్నగారు సింకుకు బిరడా పెట్టి నీళ్ళు నింపమన్నారు. ఒక స్టీలు గ్లాసు అడుగున కాగితం ముక్క కుక్కి, గ్లాసును బోర్లించి నిటారుగా నీళ్ళలోకి దింపారు. పైకి తీస్తే కాగితం తడవలేదు. "లోపల గాలి ఉంది కనుక నీళ్ళు రాలేదు. ఇంత పెద్ద ఇనుప గ్లాసును నదిలో బోర్లించి, పైనుంచి గాలి కొడుతూ ఉంటే, లోపల మనుషులు నిలబడి ఇసుక తవ్వి పైకి పంపుతారు. తవ్వినకొద్దీ గ్లాసు కిందికి దిగుతుంది. గ్లాసు నెత్తిమీద రాయి పేర్చుకుంటూ వస్తారు. అదే స్తంభం." మేము చదివిన ఏ పుస్తకంలోనూ అంత తేలికగా ఎవరూ చెప్పలేదు.

ఆ తరువాత చావుల సంగతి కూడా దాచకుండా చెప్పారు. లోతుకు వెళ్ళినకొద్దీ గాలి ఒత్తిడి పెంచాలి. ఆ ఒత్తిడిలో పనిచేసిన మనిషి ఒక్కసారిగా పైకి వస్తే ఒంట్లో కరిగిన గాలి బుడగలై కీళ్ళలోనూ నరాలలోనూ చిక్కుకుంటుంది. ఆ కాలంలో వైద్యులకు దాని కారణం తెలియదు. కూలీలను చూడటానికి ఈడ్స్ నియమించిన డాక్టరు జామినే, తానే లోపలికి దిగి త్వరగా పైకి వచ్చి, కాళ్ళూ చేతులూ పడిపోయి కొంతకాలం బాధపడి కోలుకున్నాడు. మా అమ్మాయి చాలాసేపు ఆ గ్లాసును నీళ్ళలోకి దింపుతూ తీస్తూ కూర్చుంది. ఇప్పుడు అది ఆసుపత్రిలో ఊపిరితిత్తుల విభాగంలో పనిచేస్తోంది.

* * *

గేట్‌వే ఆర్చ్ ఎత్తు 630 అడుగులు, రెండు కాళ్ళ మధ్య వెడల్పూ 630 అడుగులే. దగ్గరకు వెళ్ళి తలెత్తితే ఆ స్టెయిన్‌లెస్ స్టీలు మీద మబ్బులు నడుస్తాయి. అమ్మ చెప్పులు విడిచి, దానికి చెయ్యి ఆనించి నిలబడింది. దేవాలయం కాదని ఆమెకు తెలుసు. అంత పెద్ద పని ముందు చెప్పులతో నిలబడటం ఆమెకు ఇష్టం లేదు, అంతే.

పైకి తీసుకువెళ్ళే బండి నేను అంతవరకూ ఎక్కడా చూడనిది. వరుసగా ఎనిమిది చిన్న డబ్బాలు, ఒక్కొక్క డబ్బాలో ఐదు కుర్చీలు. తలుపు ఎత్తు తక్కువ, వంగి దూరాలి. మేము ఆరుగురం కనుక మావారు వెనక డబ్బాలో ఎవరితోనో కూర్చున్నారు. మోకాళ్ళు మోకాళ్ళకు తగులుతుండగా తలుపు మూసుకుంది. కాలు వంగినకొద్దీ డబ్బా కూడా పక్కకు వాలాలి కాబట్టి, కొంచెం ఎక్కడం, టక్కుమని సర్దుకోవడం, మళ్ళీ ఎక్కడం. అలా నాలుగు నిమిషాలు. అద్దంలోంచి లోపలి మెట్లు, ఇనుప పలకలు కనిపిస్తున్నాయి. నాకు గుండె దడదడలాడింది. అమ్మ నిశ్చింతగా విష్ణుసహస్రనామం చదువుకుంది. నాన్నగారు ప్రతి టక్కుకూ తల ఊపుతూ, "సగం లిఫ్టు, సగం రంగులరాట్నం. భేషుగ్గా కుదిర్చాడు" అన్నారు.

పైన సన్నని వసారా. వాలుగా ఉన్న గోడ మీద బోర్లా పడుకుని చిన్న కిటికీల్లోంచి కిందికి చూడాలి. ఒక వైపు పాత కోర్టు ఆకుపచ్చ గుమ్మటం, దాని వెనక ఊరు. రెండోవైపు గోధుమ రంగు మిసిసిపీ, దానిమీద ఈడ్స్ వంతెన, ఆవల మా ఆర్వీ పార్కు. పిల్లలు మా బండిని పోల్చుకొని సంబరపడ్డారు. ఊరికి కొద్ది మైళ్ళ పైన మిసోరీ నది వచ్చి కలుస్తుంది. ఆ మట్టి వల్ల నీటికి ఆ రంగు. అమ్మ దానిని చూసి, "ఆషాఢంలో మన గోదారి" అంది.

దీని రూపశిల్పి ఈరో సారినెన్ 1961లో చనిపోయాడు. పని మొదలైంది 1963లో. తన ఆర్చ్ నిలబడటం అతడు చూడలేదు. రెండు కాళ్ళను విడివిడిగా లేపుకుంటూ వచ్చి, 1965 అక్టోబరు 28న చివరి ముక్కను నడినెత్తిన ఇరికించారు. ఎండ తగిలే దక్షిణపు కాలు వేడికి సాగుతుందని, ఫైరింజన్ గొట్టాలతో దానిమీద నీళ్ళు కొట్టి చల్లబరిచారు. నాన్నగారిని పట్టుకున్న సంగతి ఇది. కింద మ్యూజియంలో ఆ పనిని చిత్రించిన సినిమా చూపిస్తారు. అది అయిపోయాక ఆయన లేవకుండా, "మళ్ళీ వేస్తారేమో అడుగు" అన్నారు. మేము పచ్చికలోకి వెళ్ళి కూర్చున్నాము. ఆయన రెండో ఆట కూడా చూసి వచ్చారు. ఆ పనిలో పదముగ్గురు చనిపోతారని బీమావాళ్ళు ముందే లెక్క వేస్తే, ఒక్కరూ చనిపోలేదని ఆయన మాకు చెప్పినప్పుడు గొంతు మారింది. రెండు రోజులుగా ఆయన మనసులో ఉన్నది ఈడ్స్ వంతెన కూలీలేనని అప్పుడు నాకు అర్థమైంది. గోదావరి మీద పనిచేసిన రోజుల్లో నాన్నగారు కూడా తన గ్యాంగులోని మనుషులను పోగొట్టుకున్నారు. ఆ పేర్లు పచ్చికలో కూర్చొని చెప్పారు. ఒక్కొక్కరి ఊరు, ఇంట్లోవాళ్ళు, ఏ పని బాగా చేసేవాళ్ళో అన్నీ చెప్పారు. వాటిని నేను ఇక్కడ రాయను, కాని మా ఇంట్లో అందరికీ గుర్తున్నాయి.

అమ్మాయి మెడలోని సన్నని గొలుసు అడిగి తీసుకొని, రెండు కొసలూ పట్టుకొని వేలాడదీసి, ఆ వంపును తలకిందులు చేస్తే ఆర్చ్ రూపం ఎందుకు వస్తుందో చూపించారు. వేలాడే గొలుసులో లాగుడు తప్ప వేరే ఏదీ ఉండదు. తిరగేస్తే నొక్కుడు తప్ప వేరే ఏదీ ఉండదు. రాయీ ఉక్కూ నొక్కుడును బాగా ఓర్చుకుంటాయి. పచ్చికలో మరికొందరు పిల్లలు వచ్చి చుట్టూ నిలబడ్డారు. నాన్నగారు తెలుగులోనే చెప్పారు. వాళ్ళకు గొలుసు చూస్తే సరిపోయింది.

* * *

పాత కోర్టులో ఎక్కువసేపు ఉండలేదు కాని, అక్కడ చదివింది ఎవరం మరిచిపోలేదు. డ్రెడ్ స్కాట్, హ్యారియట్ అనే బానిస దంపతులు తమ స్వేచ్ఛ కోసం 1846లో ఈ ఊళ్ళోనే దావా వేశారు. ఓడిపోయి, 1850లో ఇదే భవనంలో గెలిచి, పై కోర్టులో మళ్ళీ ఓడిపోయారు. 1857లో దేశ సుప్రీంకోర్టు నల్లవాళ్ళు ఈ దేశ పౌరులే కారని తీర్పు చెప్పింది. ఆ తీర్పు దేశాన్ని అంతర్యుద్ధం వైపు నెట్టిన కారణాలలో ఒకటి. "పదకొండేళ్ళు తిరిగారా కోర్టు చుట్టూ?" అని అమ్మ అడిగింది. పొలం తగాదాలో మా తాతగారు కోర్టు వాయిదాలకు తిరగడం చూసిన మనిషి ఆమె. ఆ దంపతులకు పిల్లలున్నారా అని అడిగింది. ఇద్దరు ఆడపిల్లలని తెలిసి, మెట్ల మీద కాసేపు కూర్చుండిపోయింది.

యూనియన్ స్టేషన్ మాత్రం నాన్నగారిని బాధపెట్టింది. 1894లో కట్టిన స్టేషను, ఒకప్పుడు ఈ దేశంలో అత్యంత రద్దీగా ఉన్న వాటిలో ఒకటి. 1978లో చివరి రైలు వెళ్ళిపోయింది. మేము వెళ్ళేనాటికి అది హోటలు, దుకాణాలు. ఆ పెద్ద హాలు పైకప్పు, బంగారు రంగు నగిషీ, రంగుటద్దాలు చూస్తూ అందరూ మెడలు నొప్పిపుట్టేదాకా నిలబడతారు. ఆయన నేరుగా వెనకనున్న రైళ్ళ షెడ్డు కిందికి వెళ్ళి, పట్టాలుండాల్సిన చోట కార్లు నిలిపి ఉండటం చూసి తిరిగి వచ్చారు. ఆయనను మళ్ళీ నవ్వించింది గుసగుసల కమాను. ముఖద్వారం దగ్గర ఒక కమాను ఈ కొసన గోడకు నోరు ఆనించి మెల్లగా మాట్లాడితే, ఆ కొసన ఉన్నవాళ్ళకు స్పష్టంగా వినిపిస్తుంది. పిల్లలు అమ్మమ్మను ఒక కొసన, తాతగారిని మరో కొసన నిలబెట్టారు. అమ్మ ఏం మాట్లాడాలో తెలియక, "మందు వేసుకున్నారా?" అని అడిగింది. ఆయన, "వేసుకున్నాను, నువ్వు వేసుకున్నావా?" అన్నారు. నలభై ఏళ్ళుగా వాళ్ళు ప్రతి పూటా అనుకునే మాటలే అవి. పిల్లలు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టారు.

జంతుప్రదర్శనశాలకు టిక్కెట్టు లేదని తెలిసి అమ్మ నమ్మలేకపోయింది. పాత 66వ నంబరు రోడ్డు మీద టెడ్ డ్రూస్ దుకాణంలో గడ్డకట్టిన కస్టర్డు తినడానికి పిల్లలతో పెద్ద వరుసలో నిలబడ్డాము. చిక్కదనం చూపించడానికి వాళ్ళు కప్పును తలకిందులు చేసి మరీ ఇస్తారు. అందులో గుడ్డుసొన పడుతుందని తెలిసి అమ్మ ముట్టుకోలేదు. బండికి వెళ్ళి పెరుగన్నం తింది.

* * *

చివరి పొద్దున ఊరికి ఉత్తరాన ఉన్న చైన్ ఆఫ్ రాక్స్ పాత వంతెన చూడటానికి వెళ్ళాము. ఇల్లినాయ్ వైపు బండి ఆపి కాలినడకన ఎక్కాము. 1929లో తెరిచిన ఈ వంతెన మైలుకు కొంచెం పైగా పొడవు. నది మధ్యలో ఉన్నట్టుండి పక్కకు వంగుతుంది. నీటి సరఫరా కోసం నదిలో కట్టిన రెండు రాతి బురుజులకూ పడవల దారికీ అడ్డం రాకుండా అలా తిప్పారు. కొన్నేళ్ళపాటు 66వ నంబరు రోడ్డు దీనిమీదుగానే వెళ్ళింది. పక్కన కొత్త వంతెన వచ్చాక దీనిని మూసేశారు. 1975లో పడగొట్టేయాలని కూడా అనుకున్నారు కాని, పాత ఇనుము ధర పడిపోవడంతో ఆ ఖర్చు గిట్టుబాటు కాదని వదిలేశారు. 1999 నుంచి నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ తెరిచారు.

నాన్నగారు వంపు దగ్గర ఆగి ఒక గర్డరు మీది రివెట్‌ను జేబులోని తాళంచెవితో కొట్టి చూశారు. అక్కడక్కడ తుప్పు ఉంది. రంగు వేయాలి అన్నారు. సైకిళ్ళ మీద పోతున్నవాళ్ళు, కుక్కలను నడిపించుకుంటూ వస్తున్నవాళ్ళు ఆయనను పలకరించి వెళ్ళారు. రాజమండ్రిలో గోదావరి మీది పాత రైలు వంతెన, హేవలాక్ వంతెన, 1900లో తెరిచింది. స్తంభాల మధ్య 56 స్పానులు. ఆయన యౌవనమంతా దాని మీద ట్రాలీలో తిరిగింది. మూడో వంతెన వచ్చాక, 1997లో, దానిమీద రైళ్ళు ఆగిపోయాయి. ఆ తరువాత గట్టున నిలబడి చూడటమే తప్ప ఆయన దానిమీదికి వెళ్ళలేదు. "మన వంతెన దీనికంటే పెద్దది, పెద్దవయసుది. దానిమీద జనం నడవకూడదా?" అని మావారిని అడిగారు. మావారు, "తప్పకుండా నడవాలి మామగారూ. మీరు రాసి పంపండి" అన్నారు.

44వ నంబరు హైవే ఎక్కి ఓక్లహోమా వైపు వెళుతున్నంతసేపూ ఆయన భోజనాల బల్ల ముందు కూర్చొని, ఆర్వీ పార్కువాళ్ళిచ్చిన పటం వెనక ఆ ఉత్తరం రాశారు. బండి ఊగినప్పుడల్లా అక్షరం పక్కకు పోయేది. ఆగి, మళ్ళీ రాసేవారు. ముందుగా స్లీపర్ల చోట ఎలాంటి పలకలు పరవాలో, ఎంత బరువు వస్తుందో లెక్క. తరువాత రెండు పక్కలా పిట్టగోడ ఎంత ఎత్తు ఉండాలో. పుష్కరాల రద్దీలో ఒకేసారి ఎంతమందిని వదలవచ్చో. రంగు ఎన్నేళ్ళకొకసారి వేయాలో. రాత్రిపూట దీపాలు నీటి మీదికి కాక నడిచే దారి మీదికి పడాలని. చివర, ఒక్కొక్క స్తంభం దగ్గర ఒక చిన్న పలక పెట్టి, ఆ వంతెనను కట్టినవాళ్ళలోనూ కాపాడినవాళ్ళలోనూ పేర్లు తెలిసినవాళ్ళను అందరూ చదివేలా తెలుగులో రాయించాలని. ఆ పేర్లలో కొన్నింటిని ఆయన ఉత్తరం కిందే రాశారు. రాజమండ్రి తిరిగి వెళ్ళాక దానిని తెల్ల కాగితం మీద శుభ్రంగా ఎత్తి రాసి పోస్టు చేశారు. హేవలాక్ వంతెనను పర్యాటకులకు తెరుస్తారన్న మాట ఆ తరువాత పత్రికల్లో ఎన్నోసార్లు చదివాము. ఆయన ప్రతిసారీ ఆ వార్త కత్తిరించి ఆ ఉత్తరం నకలు పక్కన పెట్టేవారు. ఇప్పుడు ఆ కట్ట తమ్ముడి దగ్గర ఉంది. ఉత్తరంలోని లెక్కలను నేటి కొలతల్లోకి మార్చి, మరొకసారి పంపాలని అబ్బాయి దానిని స్కాన్ చేయించుకున్నాడు. సివిల్ ఇంజనీరింగ్ చదివిన వాడి స్నేహితురాలు పలకల బరువు లెక్కను సరిచూస్తోంది.